ప్యాట్రిక్ ఓకానెల్‌ని ‘తొండి కెప్టెన్’ అనేసి వదిలేయడం న్యాయమేనా?

బెజవాడ_బెటిస్
నిన్న మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో రియల్ బెటిస్ గురించి మాటొచ్చింది. బెటిస్ స్పెయిన్ లీగ్ గెలిచింది ఒకే ఒక్కసారి, 1935లో, అప్పటి కోచ్ డబ్లిన్ మనిషి ప్యాట్రిక్ ఓకానెల్ అని రాశాను. వెంటనే ఒకాయన "ఆ తొండి కెప్టెనా? మాంచెస్టర్ యునైటెడ్‌లో ఉన్నప్పుడు ఫిక్సింగ్ మ్యాచ్‌లో పెనాల్టీ కావాలని బయటికి తన్నినవాడు కదా" అన్నాడు. మిగతావాళ్లంతా నవ్వు బొమ్మలు పెట్టారు, అక్కడితో మాట ఆగిపోయింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు ఫుట్‌బాల్‌లోనే బతికిన మనిషిని ఒక్క తన్నుతో తేల్చేస్తారా? లేక అభిమానం వల్ల నాకే కనబడటం లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్త_బూట్లు
ఎవరండీ ఈయన? పేరే మొదటిసారి వింటున్నాను. పుట్టినప్పటి నుంచి చెప్పండి, తీరిగ్గా చదువుతా.

డబ్లిన్_వాన
నేను ఆరేళ్లుగా డబ్లిన్‌లోనే ఉంటున్నా కాబట్టి మొదలు నేను పెడతాను. ఓకానెల్ పుట్టింది 1887లో, ఈ ఊళ్లోనే. పెరిగింది ఉత్తరం వైపు డ్రమ్‌కాండ్రాలో, జోన్స్ రోడ్డు పక్కన. ఇప్పుడు ఆ రోడ్డు మీదే క్రోక్ పార్క్ స్టేడియం ఉంది. విచిత్రం ఏమిటంటే క్రోక్ పార్క్ ఐర్లండ్ సంప్రదాయ ఆటలైన గేలిక్ ఆటలది, ఫుట్‌బాల్‌ది కాదు. గేలిక్ ఆటల సంఘంలో సభ్యులైనవాళ్లు ఫుట్‌బాల్ లాంటి ‘విదేశీ ఆటలు’ ఆడకూడదని నిషేధం ఉండేది. అది 1971 దాకా ఎత్తేయలేదు. అలాంటి వీధిలో పెరిగిన పేదింటి పిల్లాడు ఫుట్‌బాల్‌ని పట్టుకున్నాడు.

చిన్న వయసులోనే బోలాండ్ పిండిమిల్లులో పనికి కుదిరాడు. తర్వాత బెల్‌ఫాస్ట్ సెల్టిక్‌కి ఆడాడు. 1908లో పెళ్లి, 1909లో ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు. అక్కడ అవకాశాలు పెద్దగా రాలేదు. 1912లో హల్ సిటీకి వెళ్లాకే పేరొచ్చింది. 1914లో మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లు 1,000 పౌండ్లు పెట్టి కొనుక్కున్నారు. మిడ్‌ఫీల్డ్‌లో గట్టి మనిషి. ఆ సీజన్‌లోనే కెప్టెన్ అయ్యాడు.

రైట్‌బ్యాక్_రాజు
1914 కప్పు సంగతి వదిలేశావేం అన్నా? అసలు ముఖ్యమైనది అదే కదా.

డబ్లిన్_వాన
అక్కడికే వస్తున్నా తమ్ముడూ. అప్పట్లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఏటా తలపడే బ్రిటిష్ హోమ్ ఛాంపియన్‌షిప్ ఉండేది. అందులో ఐర్లండ్ అంటే అందరికీ మామూలుగా మూడు పాయింట్లు ఇచ్చేసే జట్టు లెక్క. 1914లో మాత్రం వేల్స్‌ని రెక్సమ్‌లో 2–1తో, ఇంగ్లండ్‌ని వాళ్ల గడ్డ మీదే మిడిల్స్‌బ్రోలో 3–0తో కొట్టారు. చివరి మ్యాచ్ మార్చి 14న బెల్‌ఫాస్ట్ విండ్సర్ పార్క్‌లో స్కాట్లండ్‌తో. డ్రా చేసుకుంటే చాలు. ఆ మ్యాచ్‌లో ఓకానెల్‌కి దెబ్బ తగిలింది. సబ్‌స్టిట్యూట్ల రూలు లేని రోజులు, బయటికి వెళ్తే జట్టుకి ఒక మనిషి తక్కువే. నొప్పితోనే ఆడాడు. 1–1తో ముగిసింది, ఐర్లండ్‌కి ఎవరితోనూ పంచుకోని మొట్టమొదటి కప్పు. 1903లో ఒకసారి వచ్చింది గానీ, అప్పుడు ముగ్గురు పంచుకున్నారు.

రైట్‌బ్యాక్_రాజు
గెలుపుకి మూడు కాదు అన్నా, అప్పుడు రెండు పాయింట్లే. మిగతాదంతా కరెక్ట్.

డబ్లిన్_వాన
నిజమే, రెండే. సరిదిద్దినందుకు థాంక్స్.

కొత్త_బూట్లు
అన్నా, ఇది నార్తర్న్ ఐర్లండ్ జట్టా, రిపబ్లిక్ జట్టా?

డబ్లిన్_వాన
అప్పటికి దేశం చీలలేదు. డబ్లిన్‌వాళ్లూ బెల్‌ఫాస్ట్‌వాళ్లూ ఒకే జట్టు. 1921లో డబ్లిన్ వాళ్లు వేరే సంఘం పెట్టుకున్నాక రెండు జట్లయ్యాయి. అందుకే ఇక్కడి పెద్దవాళ్లు 1914 జట్టు మాటెత్తితే గొంతు కాస్త మారుతుంది.

పాతపేపర్ల_పంతులు
ఇప్పుడు చేదు భాగం నేను చెప్తాను, ఎవరో ఒకరు చెప్పాలిగా. 1915 ఏప్రిల్ 2, గుడ్‌ఫ్రైడే. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో యునైటెడ్, లివర్‌పూల్ మ్యాచ్. యునైటెడ్‌కి కింది డివిజన్‌లోకి జారిపోయే ప్రమాదం. జార్జ్ ఆండర్సన్ రెండు గోల్స్ కొట్టాడు, యునైటెడ్ 2–0తో గెలిచింది. తర్వాత తెలిసిందేమిటంటే, సరిగ్గా 2–0 స్కోరు మీదే 7కి 1 లెక్కన పెద్ద ఎత్తున పందేలు పడ్డాయి. విచారణ జరిగి, 1915 ఆఖర్లో రెండు జట్ల నుంచి ఏడుగురిపై జీవితకాల నిషేధం వేశారు. యునైటెడ్ నుంచి శాండీ టర్న్‌బుల్, ఆర్థర్ వాలీ, ఈనాక్ వెస్ట్. లివర్‌పూల్ నుంచి షెల్డన్, మిల్లర్, పర్సెల్, ఫెయిర్‌ఫౌల్.

ఈ పేర్లలో ఓకానెల్ లేడు. ఇది మొదట గుర్తు పెట్టుకోవాలి. కానీ ఆ రోజు పెనాల్టీ తన్నింది ఆయనే. బంతి పోస్టుకి ఎంతో దూరంగా పోయింది. ఒక కెప్టెన్ అలా తన్నడం చూసి జనానికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? యునైటెడ్‌కే ఆడిన బిల్లీ మెరెడిత్, నాకసలు బంతే ఇవ్వలేదని చెప్పాడు. లివర్‌పూల్ ఆటగాడు ఫ్రెడ్ పాగ్నమ్ బంతిని క్రాస్‌బార్‌కి కొడితే సొంత జట్టువాళ్లే కోప్పడ్డారట. మైదానమంతా ఇలా ఉంటే కెప్టెన్‌కి ఒక్కడికే తెలియదంటే నేను నమ్మను.

బెజవాడ_బెటిస్
పంతులుగారూ, ఒక్కటి అడుగుతా. పెనాల్టీ వచ్చేసరికి స్కోరు 1–0 కదా? పందెం 2–0 మీద. అది గోల్ కొడితే 2–0 అక్కడికక్కడే వచ్చేస్తుంది. మరి కావాలని బయటికి తన్నడం దేనికి?

పాతపేపర్ల_పంతులు
మంచి ప్రశ్నే. కానీ అప్పటికి ఆట చాలా మిగిలి ఉంది. 2–0 అయ్యాక అంతసేపు రెండు జట్లూ గోల్ పడకుండా నటించాలంటే కష్టం. రెండో గోల్‌ని ఎంత ఆలస్యంగా పెట్టుకుంటే అంత భద్రం. రెండోది పడింది కూడా చివరి భాగంలోనే.

రైట్‌బ్యాక్_రాజు
లేదా టెన్షన్‌లో తప్పాడేమో? నేను కాలేజీ టోర్నమెంట్ సెమీఫైనల్లో పెనాల్టీ గోడ అవతల చెరువులోకి కొట్టాను. నన్నెవరూ కొనలేదు.

సీమ_స్ట్రైకర్
చెరువులోకి పోయిన బంతి ఎవరు తెచ్చారు?

రైట్‌బ్యాక్_రాజు
మా గోల్‌కీపర్ ఈదుకుంటూ వెళ్లి తెచ్చాడు. పాపం, ఇప్పటికీ స్నేహితుడే.

సీమ_స్ట్రైకర్
సరే, అసలు విషయానికొస్తా. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల జీతానికి పరిమితి ఉండేది. వారానికి 4 పౌండ్లు, పాతవాళ్లకి 5. స్టేడియంలో ఎన్ని వేలమంది టికెట్ కొన్నా అంతే. పైగా మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ సీజన్ అయ్యాక లీగ్ ఆపేస్తారని, జీతాలు బంద్ అవుతాయని అందరికీ తెలుసు. నాలుగు నెలల తర్వాత ఇంట్లో పొయ్యి వెలుగుతుందో లేదో తెలియని మనుషులు. ఇది చూడకుండా తొండి అనడం సులువు.

పాతపేపర్ల_పంతులు
పేదరికం ఉంటే తొండి ఒప్పయిపోతుందా బాబూ? ఆ ఒక్క ఫలితం మూడు క్లబ్బుల గతి మార్చింది. యునైటెడ్ 30 పాయింట్లతో 18వ స్థానంలో బతికిపోయింది. 29తో చెల్సీ, 28తో టాటెన్‌హామ్ కింద మిగిలాయి. యుద్ధం తర్వాత డివిజన్‌ని 22 జట్లకి పెంచారు కాబట్టి చెల్సీ గట్టెక్కింది, టాటెన్‌హామ్ పోయింది, రెండో డివిజన్ నుంచి ఆర్సెనల్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. నిజాయతీగా ఆడినవాళ్ల జీతాల సంగతేంటి?

సీమ_స్ట్రైకర్
ఒప్పు అనలేదు మాస్టారూ. శిక్షలోనూ న్యాయం లేదంటున్నా. యుద్ధంలో సేవ చేశారని 1919లో దాదాపు అందరికీ నిషేధం ఎత్తేశారు. శాండీ టర్న్‌బుల్ అప్పటికే 1917లో ఫ్రాన్స్‌లో యుద్ధంలో చనిపోయాడు, ఆయనకి చనిపోయాక క్షమాభిక్ష. ఈనాక్ వెస్ట్ మాత్రం నేనేమీ చేయలేదని కోర్టుకెక్కి ఓడిపోయాడు, ఆయన నిషేధం 1945 దాకా ఉంది. అప్పటికి ఆయనకి అరవై ఏళ్లు దగ్గర పడ్డాయి. కాదని గట్టిగా నిలబడినవాడికే ఎక్కువ శిక్ష.

కొత్త_బూట్లు
ఈ వెస్ట్ కథ విన్నాక మనసు బాగోలేదు. మరి ఓకానెల్ తర్వాత ఏమయ్యాడు?

డబ్లిన్_వాన
యుద్ధం అయ్యాక స్కాట్లండ్‌లో డంబార్టన్‌కి, తర్వాత ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గు గనుల ఊరు ఆషింగ్టన్‌కి ఆడాడు. అక్కడే కోచింగ్ మొదలైంది. 1922లో పెట్టె సర్దుకుని స్పెయిన్‌లో రాసింగ్ సాంటాండర్‌కి వెళ్లాడు. అప్పటికి వయసు 35. ఏడేళ్లు అక్కడే. 1929లో స్పెయిన్ లీగ్ మొదలైనప్పుడు, ఆఖరి పదో స్థానానికి పోటీ పెడితే అది గెలిచి లోపలికి వచ్చిన జట్టు ఆయనదే. తర్వాత ఒవియెడో, ఆ తర్వాత బెటిస్. అక్కడివాళ్లు ‘డాన్ పాత్రీసియో’ అని గౌరవంగా పిలిచేవారు.

బెజవాడ_బెటిస్
బెటిస్ దగ్గర నన్ను మాట్లాడనివ్వండి. 1934–35 సీజన్. 12 జట్లు, 22 మ్యాచ్‌లు. 15 గెలుపులు, 4 డ్రాలు, 3 ఓటములు. సీజన్ మొత్తం మీద ప్రత్యర్థులకి ఇచ్చిన గోల్స్ 19. ఉర్కియాగా గోల్‌లో, ఆయన ముందు డిఫెన్స్‌లో అరేసో, ఆయెడో. ఆ ముగ్గురూ బాస్క్ ప్రాంతం వాళ్లు. ముందువైపు ఉనామునో, లెకూయె కూడా అక్కడివాళ్లే. దక్షిణాన ఎండల్లో కాలిపోయే సెవిల్ ఊరి క్లబ్బుకి ఉత్తరాది కుర్రాళ్లు, ఐర్లండ్ కోచ్. వెనక గోడ కట్టినట్టు నిలబెట్టి, దొరికిన బంతిని వేగంగా ముందుకి పంపే ఆట.

1935 ఏప్రిల్ 28న చివరి మ్యాచ్, ఆయన పాత ఊరు సాంటాండర్‌లో. మాడ్రిడ్ ఒక్క పాయింట్ వెనక కాచుక్కూర్చుంది. బెటిస్ 5–0తో గెలిచింది. 34 పాయింట్లు, మాడ్రిడ్‌కి 33. అప్పటికి స్పెయిన్‌లో రాజరికం పోయింది కాబట్టి రెండు క్లబ్బుల పేర్లలోనూ ‘రియల్’ లేదు, అది రాజు ఇచ్చే బిరుదు. 90 ఏళ్లు దాటింది. బెటిస్‌కి ఇంకో లీగ్ రాలేదు. నేను ఆకుపచ్చ, తెలుపు చొక్కా వేసుకున్నప్పుడల్లా ఆ మనిషి గుర్తొస్తాడు.

పాతపేపర్ల_పంతులు
ఆ మ్యాచ్ ముందు రోజు సంగతి కూడా చెప్పండి. ఓకానెల్ పాత పరిచయంతో సాంటాండర్ ఆటగాళ్ల దగ్గరకి వెళ్లి "మీకు ఈ మ్యాచ్‌తో పోయేదేం లేదుగా, మరీ కష్టపడకండి" అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

బెజవాడ_బెటిస్
ఉంది. రెండో సగం కూడా చెప్పాలిగా మరి. "మాడ్రిడ్ కోసం మేం గెలవాలి మిస్టర్, గెలిస్తే తలా 1,000 పెసెటాలు ఇస్తామన్నారు" అని వాళ్లు జవాబిచ్చారట. అంటే బెటిస్ ఎదుర్కొన్నది బహుమతి ఆశతో ఆడిన జట్టుని. అలాంటి జట్టు మీద 5–0.

పాతపేపర్ల_పంతులు
ఆ మాట ఒప్పుకుంటాను. 5–0 బతిమాలితే వచ్చేది కాదు.

నౌకాంప్_నరేష్
బార్సిలోనా గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి! 1935లో బార్సా ఆయన్ని తీసుకుంది. మొదటి సీజన్‌లోనే కాటలోనియా ఛాంపియన్లు. 1936 జూన్ 21న వలెన్సియాలో కప్పు ఫైనల్ మాడ్రిడ్‌తో. 2–1తో ఓడారు. చివరి క్షణాల్లో మనవాడు ఎస్కోలా తన్నిన బంతిని మాడ్రిడ్ గోల్‌కీపర్ జమోరా దుమ్ములో పడి ఆపిన ఫోటో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. నెల తిరక్కుండానే అంతర్యుద్ధం. ఆగస్టులో క్లబ్ అధ్యక్షుడు జుసెప్ సున్యోల్‌ని ఫ్రాంకో సైనికులు కాల్చి చంపేశారు. ఓకానెల్ అప్పుడు సెలవులకి ఐర్లండ్‌లో ఉన్నాడు. ‘రావక్కర్లేదు’ అనుకోవడానికి ఎవరికైనా అంతకన్నా కారణం కావాలా? వెనక్కి వచ్చాడు.

క్లబ్ చేతిలో డబ్బు లేదు. జీతాలు కోసుకున్నారు. ఉద్యోగులే కమిటీగా ఏర్పడి క్లబ్బుని నడిపారు. 1937లో మెక్సికో నుంచి పిలుపు వచ్చింది, 15,000 డాలర్లు, ఖర్చులు వేరే. ఓకానెల్ 16 మంది ఆటగాళ్లని తీసుకెళ్లాడు. వెంట కార్యదర్శి రోసెండ్ కాల్వెట్, ఒక డాక్టరు, మసాజ్ పనికి మైదానంలో గడ్డి చూసుకునే ఆంజెల్ మూర్. మెక్సికోలో ఆడారు, తర్వాత న్యూయార్క్‌లో ఆడారు. ఆ డబ్బుని స్పెయిన్‌లోకి తేకుండా పారిస్ బ్యాంకులో పెట్టారు. అప్పులు తీరింది ఆ డబ్బుతోనే. ఆటగాళ్లలో తిరిగి బార్సిలోనా చేరింది నలుగురే. మిగతావాళ్లు మెక్సికోలోనో ఫ్రాన్స్‌లోనో ఉండిపోయారు. వాళ్లని ఆయన పట్టి లాగలేదు. తను మాత్రం బాంబులు పడుతున్న ఊరికి తిరిగొచ్చాడు. 1938 మార్చిలో క్లబ్ ఆఫీసు మీదే బాంబు పడింది.

సీమ_స్ట్రైకర్
నరేష్ బ్రో, అందరూ ‘బార్సాని కాపాడిన మనిషి’ అంటారు. నాకు అది కాస్త ఎక్కువనిపిస్తుంది. లెక్కలు చూసుకున్నది కాల్వెట్. డబ్బు వచ్చింది ఆటగాళ్ల కాళ్ల వల్ల. పేరు మాత్రం కోచ్‌కే ఎందుకు?

నౌకాంప్_నరేష్
కాల్వెట్‌కి దక్కాల్సిన పేరు దక్కలేదు, ఒప్పుకుంటా. కానీ ఇల్లు వదిలి, యుద్ధం భయంతో ఉన్న 16 మంది కుర్రాళ్లని నెలల తరబడి ఒక జట్టుగా ఉంచి మ్యాచ్‌లు ఆడించడం తక్కువ పనా? టీమ్ సరిగ్గా ఆడకపోతే టికెట్ ఎవరు కొంటారు?

గోషామహల్_గోల్
ఇది చదువుతుంటే మా హైదరాబాద్ రహీం సాబ్ గుర్తొచ్చారు. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని 1962లో జకార్తా వెళ్లి ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చారు, మరుసటి ఏడాదే పోయారు. కోచ్ గోల్ కొట్టడు. కానీ ఆయన లేకపోతే ఆ గోల్ ఉండదు.

సరళ_నిజామాబాద్
ఇందాకటి నుంచి మౌనంగా చదువుతున్నాను. డబ్లిన్ అన్నా, 1908లో పెళ్లయిందని ఒక్క మాట రాసి ముందుకెళ్లిపోయారు. ఆ భార్య, పిల్లలు ఏమయ్యారు?

డబ్లిన్_వాన
అడిగారు కాబట్టి చెప్తున్నా, తప్పించుకోవాలని కాదు. భార్య ఎలెన్, నలుగురు పిల్లలు. 1922లో స్పెయిన్ వెళ్లినప్పుడు వాళ్లని మాంచెస్టర్‌లోనే వదిలేశాడు. అప్పుడప్పుడు కవరులో డబ్బు వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది. మొదటి భార్య బతికుండగానే స్పెయిన్‌లో ఇంకో ఐరిష్ ఆవిడని పెళ్లి చేసుకున్నాడు. ఆమె పేరు కూడా ఎలెన్.

సరళ_నిజామాబాద్
నా కోపం ఇక్కడే. మా నాన్న నాకు నాలుగేళ్లప్పుడు గల్ఫ్‌కి పోయాడు. రెండేళ్లు డబ్బు పంపాడు. తర్వాత ఉత్తరాలు తగ్గాయి. పోస్ట్‌మన్ సైకిల్ బెల్లు వినబడితే మా అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడేది. పక్కింటికి పోతుంటే మళ్లీ లోపలికి పోయేది. ఆ బెల్లు చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మీరందరూ ఒక పెనాల్టీ గురించి ఇంతసేపు వాదించుకున్నారు. నాకైతే ఆ కవర్లు ఆగిపోవడమే పెద్ద తొండి. పెనాల్టీ తప్పితే జట్టు మళ్లీ ఆడుకోవచ్చు.

బెజవాడ_బెటిస్
సరళగారూ, ఈ సంగతి నాకు తెలుసు. మొదటి పోస్టులో రాయకుండా దాటేశాను. అది నా తప్పే.

సీమ_స్ట్రైకర్
ఇంతకు ముందు నేను పొయ్యి వెలగదేమో అని ఆయన తరఫున మాట్లాడాను. వెలగని పొయ్యి ఆయన ఇంట్లోనే ఉందన్నమాట.

డబ్లిన్_వాన
ఇంకో సంగతి ఉంది సరళగారూ. కొడుకు డాన్ పెద్దవాడయ్యాక 1950ల్లో తండ్రిని వెతుక్కుంటూ సెవిల్ వెళ్లాడు. దొరికాడు. పక్కన ఉన్నవాళ్లకి తండ్రి ఆయన్ని ఎలా పరిచయం చేశాడో తెలుసా? "మా అన్నదమ్ముల కొడుకు" అని.

సరళ_నిజామాబాద్
ఆ కొడుకు అంత దూరం పోయింది ఆ మాట వినడానికా!

కొత్త_బూట్లు
చదువుతుంటే గొంతు పట్టేసింది.

రైట్‌బ్యాక్_రాజు
ఆఖరికి ఏమయ్యాడు? సెవిల్లాకి కూడా కోచ్ కదా?

నౌకాంప్_నరేష్
అవును. అంతర్యుద్ధం అయ్యాక మళ్లీ బెటిస్, 1942 నుంచి వాళ్ల ప్రత్యర్థి సెవిల్లా. 1943లో సెవిల్లాని లీగ్‌లో రెండో స్థానానికి తెచ్చాడు. చివర్లో మళ్లీ సాంటాండర్, 1949 దాకా.

డబ్లిన్_వాన
తర్వాత లండన్ చేరాడు, తమ్ముడి దగ్గరకి. చేతిలో చిల్లిగవ్వ లేదు, ప్రభుత్వం ఇచ్చే సహాయంతో బతికాడు. 1959 ఫిబ్రవరి 27న చనిపోయాడు. కెన్సల్ గ్రీన్ సెయింట్ మేరీస్ శ్మశానంలో పూడ్చారు. పేరు రాసిన రాయి లేదు. యాభై ఏళ్లకి పైగా ఆ మట్టి కింద ఎవరున్నారో దారిన పోయేవాళ్లకి తెలియదు. ఈ మధ్యకాలంలో అభిమానులు, పాత క్లబ్బుల సాయంతో నిధి పోగుచేసి సమాధికి రాయి పెట్టారు. ఆయన కథ మళ్లీ బయటికి తెచ్చిందెవరో తెలుసా? ఆయన వదిలేసిన కుటుంబమే. డాన్ కొడుకు, కోడలు. ఆ కోడలే పూనుకుని ఆయన జీవితచరిత్ర రాసింది.

సరళ_నిజామాబాద్
ఆయన వదిలేసినవాళ్లే ఆయన కథ బయటికి తెచ్చారా. మా అమ్మ కూడా అలాంటిదే. నాన్న పోయాడని కబురు వచ్చిన రోజు దీపం పెట్టింది.

గోషామహల్_గోల్
అక్కా, అమ్మకి నా నమస్కారాలు చెప్పండి.

బెజవాడ_బెటిస్
గ్రూపులో మళ్లీ రాస్తున్నాను. 1914 కప్పు, బెటిస్, మెక్సికో, మాంచెస్టర్‌లో మిగిలిపోయిన ఎలెన్, పేరు లేని సమాధి, అన్నీ పెట్టాను. పెద్దదైపోయింది. చదివితే చదువుతారు.

పాతపేపర్ల_పంతులు
1915 సంగతి తీసేయకండి. శిక్ష పడలేదని రాయండి, అనుమానం పోలేదని కూడా రాయండి.

బెజవాడ_బెటిస్
తీసేయలేదు పంతులుగారూ. మొదలుపెట్టిందే దానితో. రెండో లైను ఎలెన్ గురించి.